గోడ మీద ఖాళీ గొంగడి: యుద్ధ జ్ఞాపకాన్ని కాగితంలో మడవడం

తెలంగాణ సాయుధ పోరాట జ్ఞాపకంగా గోడ మీద పెట్టే కాగితపు గొంగడిని ఎలా మడవాలో ఇక్కడ చెబుతాను. కాగితం మడతలతో యుద్ధం గురించి ఏదైనా చేద్దామనుకున్నవాళ్లు ముందుగా పట్టుకునేది కొంగనే. దానికి కారణం హిరోషిమా. 1945 ఆగస్టు 6న బాంబు పడినప్పుడు సడాకో ససాకి రెండేళ్ల పిల్ల. బాంబు పేలిన చోటికి ఆమె ఇల్లు సుమారు మైలు దూరం. పదేళ్లు బాగానే ఉంది, స్కూల్లో పరుగుపందేల్లో ముందుండేది. 1955 ఫిబ్రవరిలో లుకేమియా అని తేలింది. ఆ ఆగస్టులో ఆసుపత్రికి నగోయా విద్యార్థుల నుంచి కాగితపు కొంగలు వచ్చాయి. వెయ్యి మడిస్తే కోరిక తీరుతుందన్న నమ్మకంతో తనూ మొదలుపెట్టింది. కాగితానికి కొరత. మందు పొట్లాల కాగితం, పక్క మంచాలవాళ్లకు వచ్చిన కానుకల మీది కాగితం అడిగి తెచ్చుకునేది. అక్టోబర్ 25న చనిపోయింది, పన్నెండేళ్లకు. 1958 మే 5న హిరోషిమాలో పిల్లల శాంతి స్మారకాన్ని ఆవిష్కరించారు. ఇప్పుడు దాని దగ్గరికి ఏటా కోటి దాకా కొంగలు వస్తాయి, బరువులో చెప్పాలంటే పది టన్నుల దాకా.

ఇంకొకరి గురించీ చెప్పాలి: అకీరా యోషిజావా (1911–2005). ఈ రోజు మడతల పుస్తకాల్లో కనిపించే చుక్కల గీతలు, బాణం గుర్తులకు మూలం ఆయన 1954లో వేసిన పుస్తకం. తడి కాగితంతో మడిచే పద్ధతీ ఆయనదే. రెండో ప్రపంచ యుద్ధంలో హాంకాంగ్‌లో సైనిక వైద్య దళంలో పనిచేస్తూ, మంచం పట్టిన రోగుల కోసం కాగితం బొమ్మలు మడిచేవాడు. తర్వాత తనే జబ్బుపడి జపాన్ తిరిగి వెళ్లాడు. యుద్ధానికీ మడతకూ ఉన్న సంబంధం కొంగ ఒక్కదానితో అయిపోదని ఆయన పని చూస్తే తెలుస్తుంది.

చెయ్యి తిరగడానికి కొంగ మంచిది, నేర్చుకోండి. ఏ4 కాగితాన్ని 7 సెంటీమీటర్ల చదరాలుగా కోస్తే ఒక్కోదానికి 12 వస్తాయి. 84 కాగితాలకు 1,008. జపాన్‌లో మామూలుగా 40 చొప్పున 25 దండలు గుచ్చుతారు. 7 సెంటీమీటర్ల చదరానికి 60–70 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) కాగితం చాలు. జిరాక్స్ సెంటర్‌లో దొరికే 80 జీఎస్ఎం వాడితే మెడ దగ్గర పొరలన్నీ ఒకచోట చేరి, లోపలికి తిప్పే మడత పగులుతుంది. 80 వాడక తప్పదంటే చదరం 10 సెంటీమీటర్లకు పెంచండి.

అయితే నల్లగొండ గోడ మీద మన సొంత జ్ఞాపకం పెట్టాలనుకున్నప్పుడు కొంగ సరిపోదని నా అభిప్రాయం. కొంగ వాళ్ల నమ్మకం, వాళ్ల ఆసుపత్రి గది. 1946 నుంచి 1951 దాకా ఈ ప్రాంతం చూసిన సాయుధ పోరాటానికి, రజాకార్ల దాడులకు, ఆ తర్వాత పోలీస్ క్యాంపులకు మనదైన వస్తువు కావాలి. గుత్ప (దుడ్డుకర్ర) ఉంది, వడిసెల (రాళ్లు విసిరేది) ఉంది. కానీ కాగితానికి అన్నిటికంటే బాగా ఒదిగేది గొంగడి, ఎందుకంటే అది అసలే మడతతో పనిచేసే వస్తువు. వానొస్తే ఒక కొసను మడిచి నెత్తి మీద ముసుగు చేసుకుంటారు, మిగతాది వీపు మీదుగా కిందికి వేలాడుతుంది. 1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల తుపాకీకి బలైన దొడ్డి కొమురయ్య కురుమ బిడ్డ. కడవెండి ఇప్పుడు జనగామ జిల్లాలో ఉంది గానీ అప్పుడు నల్లగొండ జిల్లాయే. గొర్లు కాసే ఇంట్లో గొంగడి లేని మనిషి ఉండడు.

అందుకని ఇక్కడ చెప్పేది మనిషి లేని గొంగడి. ముందువైపు తెరిచి ఉంటుంది, లోపల ముఖం ఉండదు. నిలబెడితే నిలబడుతుంది.

కాగితం

ప్రింటింగ్ ప్రెస్‌కు వెళ్లి 20 అంగుళాలు, 30 అంగుళాల మ్యాప్‌లిథో (పైపూత లేని అచ్చు కాగితం) షీట్లు అడగండి, 100 జీఎస్ఎం. ఒక్కో ముక్క 5 అంగుళాల వెడల్పు, 10 అంగుళాల పొడవు. ఈ కొలతకు షీటు ఒక్క పట్టీ కూడా వృథా కాకుండా సరిగ్గా 12 ముక్కలవుతుంది. 200 గొంగళ్లకు 17 షీట్లు. 80 జీఎస్ఎం తీసుకుంటే పొడి రోజుల్లో బాగుంటుంది గానీ, ముసురు పట్టిందంటే పది అంగుళాల ఎత్తు నిలవక నడుం దగ్గర వంగిపోతుంది. 120 దాటితే కింది అంచు మడతలో పైపొర పగిలి తెల్లటి నూగు బయటపడుతుంది. పెళ్లిపత్రికలకు వాడే నున్నటి ఆర్ట్ పేపర్ అసలు వద్దు, దాని పైపూత ప్రతి మడతలోనూ రాలుతుంది.

గ్రెయిన్ (కాగితంలో పీచు పరుచుకున్న దిశ) చూసుకోకుండా కోయించకండి. షీటును మడత పడకుండా రెండు దిక్కులా మెల్లగా వంచి చూస్తే ఒక దిక్కు సులువుగా వంగుతుంది, ఇంకో దిక్కు ఎదురు తిరుగుతుంది. సులువుగా వంగినప్పుడు వంపు గీత (గొట్టంలా చుడితే గొట్టం పొడవు) ఏ దిశలో ఉందో గ్రెయిన్ ఆ దిశలోనే ఉన్నట్టు. ముక్క పొడవు ఆ దిశలో రావాలి. వెన్నులా నిలబెట్టే నడిమి మడత గ్రెయిన్ వెంట పడితే సూటిగా, పగలకుండా పడుతుంది. కొన్ని ముక్కలు నిలువుగా, కొన్ని అడ్డంగా కోస్తే గోడ మీద సగం నిటారుగా, సగం వాలిపోయి ఉంటాయి. కటింగ్ మిషన్ మీద దొంతర ఎత్తుగా పెట్టినా ఇబ్బందే, కత్తి దిగేటప్పుడు కాగితం జరిగి పైముక్కకూ కిందిముక్కకూ తేడా వస్తుంది. 50 షీట్ల కంటే ఎక్కువ పెట్టొద్దని ముందే చెప్పండి.

రంగు ఒక్కవైపే వేయాలి. లీటరు నీళ్లలో 50 గ్రాముల టీ పొడి వేసి సగం అయ్యేదాకా మరిగించి, వడకట్టి, చల్లారాక వెడల్పాటి బ్రష్‌తో రెండు పూతలు. మొదటి పూత పూర్తిగా ఆరాకే రెండోది. పోస్టర్ కలర్ చిక్కగా వేస్తే మడతలో పొలుసులుగా లేస్తుంది. కరక్కాయ డికాక్షన్‌లో ఇనుము నానబెట్టిన నీళ్లు కలిపితే నల్లగొంగడి రంగు చాలా అందంగా వస్తుంది, కానీ కొన్నేళ్లకు ఆ నలుపే కాగితాన్ని తినేసి పెళుసు చేస్తుంది. నాలుగు వారాల ప్రదర్శనకైతే వాడొచ్చు, దాచుకునే పనికి వద్దు. ఒకవైపే తడపడం వల్ల కాగితం చాపలా చుట్టుకుంటుంది. కాస్త పచ్చి ఉండగానే తీసి పుస్తకాల బరువు కింద రాత్రంతా ఉంచితే సాపు అవుతుంది.

లోపలివైపు తెల్లగానే వదిలేయండి. రెండువైపులా గోధుమ రంగు వేస్తే దూరం నుంచి చూసేవాళ్లకు లోపల చీకటే కనిపిస్తుంది, మనిషి ఉన్నాడో లేడో తెలియదు. తెల్లగా ఉంటే రోడ్డు అవతలి నుంచి కూడా ఖాళీ అని తెలుస్తుంది.

మడత

తెలుపు పైకి ఉండేలా ముక్కను నిలువుగా పెట్టండి. పొడవు వెంట సగానికి మడిచి, మెల్లగా ఒత్తి, విప్పండి. ఇది గురుతు మాత్రమే, గట్టిగా గీరొద్దు.

తిప్పి గోధుమ వైపు పైకి తేండి. కింది అంచును అర అంగుళం పైకి మడవండి. గోధుమ రంగు మీద తెల్ల పట్టీ కనిపిస్తుంది, గొంగడి అంచు అదే. స్టీలు చెంచా వెనుక భాగంతో ఎడమ నుంచి కుడికి ఒక్కసారి గీరితే చాలు. ముందుకూ వెనక్కూ రుద్దితే గ్రెయిన్‌కు అడ్డంగా పడిన మడత కాబట్టి పైపొర లేస్తుంది.

మళ్లీ తెలుపు పైకి. పై మూలలు రెండింటినీ నడిమి గీతకు తెచ్చి మడవండి, కాగితపు విమానానికి మొదట మడిచినట్టు. అయితే గీతను తాకనివ్వొద్దు, రెండు వైపులా మిల్లీమీటరు ఖాళీ వదలండి. ఆ ఖాళీ లేకపోతే చివర్లో వెన్ను మూసేటప్పుడు రెండు రెక్కలూ ఒకదాన్నొకటి తోసుకుని ముసుగు కొన చిరుగుతుంది. పాడైన ముక్కల్లో సగానికి సగం ఇక్కడే పాడవుతాయి. ఒక్కో రెక్క కింద గోరంత జిగురు పెట్టండి.

ఇప్పుడు నడిమి గీత వెంట, రెక్కలు లోపలికి ఉండేలా మూసి, చెంచాతో గట్టిగా గీరండి. కింద అంచు దగ్గర రెండు పొరలున్నాయి గనుక అక్కడ ఇంకొంచెం బలం పెట్టాలి. విప్పి, పుస్తకాన్ని సగం కంటే తక్కువ తెరిచినట్టు, సుమారు 70 డిగ్రీల కోణంలో ఉంచండి. తొమ్మిదిన్నర అంగుళాల ఎత్తున నిలబడుతుంది. కింది కొసలను పెన్సిల్ మీద కొద్దిగా బయటికి తిప్పితే బట్ట జారినట్టు వస్తుంది.

ఒక పక్కకు ఒరుగుతుంటే మడతను అనుమానించే ముందు ముక్కను కొలవండి. రెండు కర్ణాలూ సమానంగా లేకపోతే కోత వంకర. కర్ణాలు సరిగ్గా ఉన్నాయంటే కింది పట్టీ ఒకవైపు ఎక్కువ మడిచి ఉంటారు. ముందుకు పడుతుంటే కోణం మరీ వెడల్పయింది, మూసి మళ్లీ తెరవండి.

చెయ్యి తిరిగాక కొన్నింటిని యోషిజావా పద్ధతిలో తడిపి చేయండి. వీటికి 150 జీఎస్ఎం దాకా మందం కాగితం పనికొస్తుంది, తడిస్తే పగలదు గనుక. పిండేసిన గుడ్డతో రెండువైపులా తుడిచి నిమిషం ఆగండి. కాగితం చల్లగా, మెత్తగా తగలాలి. మెరుస్తుంటే నీళ్లు ఎక్కువైనట్టు, అప్పుడు మడిస్తే నలిగి పీచు లేస్తుంది. భుజం దగ్గర గుండ్రంగా, కింద జారుగా వేళ్లతోనే మలిచి, బట్టల క్లిప్పులతో పట్టించండి. క్లిప్పుకూ కాగితానికీ మధ్య అట్టముక్క పెట్టకపోతే పళ్ల గాట్లు పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఫ్యాను కింద ఈ పని జరగదు. అంచులు ముందు ఆరి, నడుమ తడిగా ఉండి, మొత్తం మెలిక పడుతుంది. ఫ్యాను ఆపి, పొద్దున్నే చేసుకోవాలి.

కాగితం మీద రాత

చాలామంది పాత ఉత్తరాలు, కోర్టు కాగితాలు, ఫొటోలు మడవాలనుకుంటారు. అసలువి ముట్టుకోవద్దు. నకలు తీసుకుని, దాన్నీ చూసి వాడండి. జిరాక్స్ మసి మడతలో రాలుతుంది, ఇంక్‌జెట్ అక్షరం తడి తగిలితే పారుతుంది. ప్రెస్‌లో ఆఫ్‌సెట్ మీద వేయిస్తే నిలుస్తుంది. ఎలా అచ్చు వేసినా నడిమి గీతకు రెండు వైపులా అర అంగుళం, కింద అంగుళం ఖాళీ ఉండాలి. రాత తెల్లటి లోపలివైపు ఉండటం మేలు, దగ్గరికొచ్చి తొంగి చూసినవాళ్లే చదువుతారు.

చనిపోయినవాళ్ల పేర్లు ఇంటివాళ్లను అడగకుండా వేయకూడదు. డెబ్బై ఏళ్లు దాటినా కొన్ని ఊళ్లలో ఎవరు ఎవరిని పట్టించారన్నది ఇంకా మానని పుండు. అవ్వనో తాతనో కూర్చోబెట్టి "ఆ రోజు ఏమైందో చెప్పండి" అని మొదలుపెట్టొద్దు. నాలుగు ముక్కలు ముందు పెట్టి కలిసి మడవండి. ఆమె చెబితే వినండి, చెప్పకపోతే మడిచి లేవండి. రాసుకోవాలంటే, రికార్డు చేయాలంటే ముందే అడగాలి, మధ్యలో ఫోన్ బయటికి తీయకూడదు. వేళ్లు వంగని పెద్దవాళ్లకు మూలలు మడిచే పని కష్టం. వెన్ను గీత ముందే వేసి ఇచ్చి, కింది పట్టీ మడిచే పని వాళ్లకు వదలండి.

ఎన్ని?

పోరాటంలో 4,000 మంది చనిపోయారని కమ్యూనిస్టు పార్టీ చెప్పిన లెక్క. 4,000 గొంగళ్లు ఒకే గోడ మీద పెట్టాలని ఉబలాటం కలుగుతుంది. పెడితే అవి దూరానికి మచ్చల్లా కనబడతాయి, దగ్గరికి వెళ్లినా ఏ ఒక్కదాని దగ్గరా చూపు ఆగదు. నా సలహా: ఒక ఊరి లెక్క తీసుకోండి. ఊళ్లో స్తూపం మీద ఎన్ని పేర్లుంటే అన్ని. ఏడుంటే ఏడే. పెద్ద గోడ మీద ఏడు గొంగళ్లు, మధ్యలో మూడేసి అడుగుల ఖాళీతో, చాలా బలంగా ఉంటాయి. స్తూపానికి మాత్రం ఏదీ అతికించొద్దు, దారం కూడా కట్టొద్దు. అది ఊరివాళ్లు కట్టుకున్నది.

వరుసలుగా పెట్టేటట్టయితే పదడుగుల గోడకు ఐదు అంగుళాలకొకటి చొప్పున వరుసకు 24, నాలుగు వరుసలకు 96 పడతాయి. వరుసకూ వరుసకూ అడుగు దూరం.

వేలాడదీయడం

వెన్ను ఒక్క గీత మీదే గోడను తాకుతుంది కాబట్టి జిగురుతో నేరుగా అతికిస్తే మర్నాటికి రాలుతుంది. 18 గేజ్ జీఐ (జింకు పూత ఇనుప) వైరు గోడకు రెండు అంగుళాల ఎడంగా బిగించి, మధ్యలో ఒక కొక్కెం ఇవ్వండి, లేకపోతే జోలెలా జారుతుంది. ముసుగు కొనకు అర అంగుళం కింద లోపలివైపు చిన్న గుడ్డ పట్టీ అతికించి, దానిలోంచి సూదితో నూలు దారం తీయండి. నైలాన్ దారం సన్నగా ఉండి కనబడదని వాడుతుంటారు. గాలికి ఊగినప్పుడల్లా అది కాగితాన్ని రంపంలా కోస్తుంది. ఒక్క దారంతో కడితే గాలికి తిరిగి ముఖం గోడవైపు పెట్టుకుంటుంది. కింది పట్టీ దగ్గర కూడా ఒక దారం తీసి, ఆ ఎత్తులో బిగించిన ఇంకో వైరుకు కట్టండి, బిగుతుగా కాదు, వేలు పట్టేంత వదులుగా.

పలక మీద అతికించే పనులకు మైదా జిగురు బాగుంటుంది: 100 గ్రాముల మైదాను 200 మిల్లీలీటర్ల చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరిగే అర లీటరు నీళ్లలో పోసి, చిక్కబడి మెరుపు వచ్చేదాకా ఐదు నిమిషాలు తిప్పాలి. పురుగు పట్టకుండా పుస్తకాలు కుట్టేవాళ్లు ఇందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం. వీధి గోడకు వాడకండి, ఎందుకంటే మైదా వాసనకు ఆవులూ మేకలూ వచ్చి పోస్టర్లు పీక్కుని తింటాయన్నది మన ఊళ్లలో అందరికీ తెలుసు. బయటి గోడ మీద ఏ పనైనా ఆరడుగుల పైన మొదలవ్వాలి. సున్నం కొట్టిన గోడ మీద ఏ జిగురూ పట్టదు, సున్నంతో సహా ఊడివస్తుంది.

ఇక కాలం. కొమురయ్య వర్ధంతి జూలై 4. హైదరాబాద్ సంస్థానం యూనియన్‌లో కలిసిన రోజు సెప్టెంబర్ 17. రెండూ వానల్లోనే వస్తాయి. ఈ రోజుల కోసం చేసే పని నల్లగొండ క్లాక్ టవర్ దగ్గరో, మహబూబ్‌నగర్ బజారులోనో బహిరంగ గోడ మీద పెట్టాలని చూడొద్దు. గ్రంథాలయం వరండా, బడి వరండా, పంచాయతీ ఆఫీసు అరుగు ఎంచుకోండి. జల్లు పడకపోయినా తేమకే కాగితం పీచు ఉబ్బి మడత విచ్చుకుంటుంది, 70 డిగ్రీలు 110 అవుతుంది. ప్రతి వారం ఒకసారి ఎవరో ఒకరు వచ్చి మూసి తెరవాలి. స్ప్రే వార్నిష్ పలచగా రెండు పూతలు వేస్తే కొంత ఆగుతుంది, కానీ తొందరగా నిప్పంటుకునే గుణం వస్తుంది. అక్కడ దీపాలు, అగరుబత్తీలు, వేడెక్కే ఫోకస్ లైట్లు ఉండకూడదు. 2003లో హిరోషిమా స్మారకం దగ్గర ఒక విద్యార్థి నిప్పు పెడితే సుమారు 1,40,000 కొంగలు కాలిపోయాయి.

నిజంగా వీధి గోడే కావాలంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి. ఆ తర్వాత ఎండ టీ రంగును పాలిపోనిస్తుంది, ఏప్రిల్ ఈదురుగాలి దారాలు తెంపుతుంది.

ఎవరు చేశారు?

పేరు దాచుకుని నగరం గోడల మీద పనిచేసే కళాకారులు చాలామంది ఉన్నారు. ఫ్రాన్స్‌లో మాద్మొజెల్ మోరీస్ అనే మారుపేరుతో రంగురంగుల కాగితపు మడతలను వందలూ వేలుగా గోడలకెక్కించే ఆవిడ, 2011 భూకంపం, సునామీ వచ్చినప్పుడు జపాన్‌లో ఉంది. మన పనికి కూడా గోడ మీద సంతకం వద్దనే నేనంటాను. ఎవరో తెలియని చెయ్యి మడిచిందంటే, చూసేవాళ్ల చూపు కళాకారుడి మీదికి పోకుండా గొంగడి మీదే ఉంటుంది. కానీ గోడ యజమాని దగ్గర, పంచాయతీ లేదా మున్సిపాలిటీ దగ్గర తీసుకునే అనుమతి కాగితం మీద అసలు పేరు, ఫోన్ నంబరు, తీసేసే తేదీ ఉండాలి. ఊరివాళ్లకు అనుమానం వస్తే ఎవరిని అడగాలో తెలియాలి.

తీసేసే తేదీ నాడే తీసేయండి. చిరిగి వేలాడే గొంగడి ఆ ఇంటివాళ్లకు చూడబుద్ధి కాదు. హిరోషిమాలో వచ్చిన కొంగలను కొంతకాలం ఉంచి, తర్వాత మళ్లీ కాగితంగా మార్చి పోస్టుకార్డులు, నోటు పుస్తకాలు చేస్తున్నారు. మన దగ్గర, బాగున్నవాటి వెన్ను మూసి, 25 చొప్పున దొంతర పెట్టి, అట్టపెట్టెలో రెండు మూడు ఎండు వేపాకు కొమ్మలు వేసి ఇంకో ఊరికి పంపొచ్చు. వార్నిష్ వేసినవాటిని విడిగా పెట్టండి, అవి ఒకదానికొకటి అతుక్కుంటాయి. లోపల పేరు రాసినవి ముందు ఆ ఇంటికి ఇవ్వాలి. వాళ్లు వద్దంటేనే పెట్టెలోకి.